గండి పూడ్చేది ఎవరు?

నిజాంసాగర్‌కు దగ్గరలో మహమ్మద్‌నగర్ అనే ఊరుంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు పిల్లలకు ఆ పేరు కొత్తేమీ కాదు. ఆ మధ్య నేను అటు వెళ్ళినప్పుడు పదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి నన్నొక ప్రశ్న అడిగింది.

"సార్, మా తాత నోటి కాన్సర్‌తోని చనిపోయిండు. మన గుణాలన్నీ డి.ఎన్.ఎ.ల రాసి ఉంటయని చదువుకున్నం గదా! అట్లయితే మాకు గూడ వస్తదా?"

"అదేం రాదమ్మా, భయపడకు" అని చెప్పి బస్సెక్కాను. బస్సులో కూర్చున్నాక ఆ జవాబు నాకే నచ్చలేదు. అది ఓదార్పే గాని సైన్సు కాదు. ఆ అమ్మాయి ప్రశ్నలో తర్కం ఉంది. అంతా ముందే రాసి ఉందని మనమే నేర్పాం. రాసి ఉన్నది జరగక తప్పదు గదా అని ఆమె అడిగింది. తప్పు ఆమెది కాదు, మనం పాఠం చెప్పే తీరుది. ఆమెకు ఆ రోజు ఇవ్వవలసిన జవాబునే ఇప్పుడు రాస్తున్నాను.

నా వాదన ఇది. మన తరగతి గదుల్లో డి.ఎన్.ఎ.ను తలరాతలాగా బోధిస్తున్నాం. ఆ రాత ప్రతిరోజూ చెడిపోతుందనీ, ప్రతిరోజూ బాగవుతుందనీ, ఆ బాగుచేసే పనిలో మనం చిన్నచూపు చూసిన కూలీలు ఎందరో ఉన్నారనీ చెప్పడం లేదు. చెప్పి తీరాలి.

రోజూ తెగే దారం

ముందుగా కొన్ని సంగతులు చూద్దాం. మన శరీరంలోని ఒక్కొక్క కణంలో ఉన్న డి.ఎన్.ఎ.ను సాగదీసి నిలబెడితే దాదాపు 2 మీటర్ల పొడవుంటుంది. అంత దారమూ మిల్లీమీటరులో నూరో వంతుకు మించని కేంద్రకంలో చుట్టుకొని ఉంటుంది. ఆ దారం మీద తల్లి నుంచి వచ్చిన అక్షరాలు సుమారు 300 కోట్లు, తండ్రి నుంచి వచ్చినవి మరో 300 కోట్లు.

ఇంత విలువైన దారం చెక్కుచెదరకుండా ఉంటుందని ఒకప్పుడు శాస్త్రజ్ఞులు కూడా అనుకునేవారు. స్వీడన్‌లో పుట్టిన థామస్ లిండాల్ 1970వ దశకంలో లెక్కకట్టి అది నిజం కాదని చూపించాడు. కణంలో ఉండే నీరే డి.ఎన్.ఎ.ను కొద్దికొద్దిగా పాడుచేస్తుంది. మనం పీల్చే ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన పదార్థాలు కొన్ని అక్షరాలను తుప్పు పట్టిస్తాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పక్కపక్కనే ఉన్న రెండు థైమీన్ అక్షరాలను అతుక్కుపోయేట్టు చేస్తాయి. పొగాకు పొగలోని రసాయనాలు గ్వానీన్ అనే అక్షరాన్ని పట్టుకొని వదలవు. ఇలాంటి దెబ్బలన్నీ కలిపితే ఒక్క కణంలో ఒక్క రోజుకు పదివేల సంఖ్యలో ఉంటాయి. వీటిలో రెండు పోగులూ ఒకేచోట తెగిపోవడం అన్నిటికంటె ప్రమాదకరం.

మరి మనం ఎలా బతికి ఉన్నాం? మరమ్మతు వల్ల. తప్పు అక్షరాన్ని కత్తిరించి తీసేసే ఎంజైములు, ఖాళీని నింపేవి, తెగిన కొసలను అతికించేవి కణంలో ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటాయి. ఈ సంగతి తేల్చినందుకే 2015లో లిండాల్‌కూ, పాల్ మోడ్రిచ్‌కూ, అజీజ్ సంజార్‌కూ కలిపి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం ఇచ్చారు.

ఇంతవరకు కథ కొందరు ఉపాధ్యాయులు చెబుతూనే ఉన్నారు. కాని కథలో సగం ఇంకా మిగిలే ఉంది. ఆ సగం కోసం మనం మళ్ళీ కాలువ గట్టుకు వెళ్ళాలి.

నీరడి ఏం చేస్తాడు?

మంజీరా నది మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. దాని కాలువలకింద పొలాలున్న వారికి గండి పడడమంటే ఏమిటో నేను వేరే చెప్పనక్కరలేదు. రాత్రిపూట కాలువకు గండి పడిందనుకోండి. వెంటనే తట్ట, పార పట్టుకొని మట్టి పోయడం మొదలుపెడితే లాభముందా? నీళ్ళు వస్తూనే ఉంటే పోసిన మట్టి పోసినట్టే కొట్టుకుపోతుంది. ముందు ఎగువన తూము దించాలి. ఏ పిల్లకాలువకు నీళ్ళు ఆపాలో, దేనికి వదలాలో చూడాలి. పదిమందిని కేకేసి పిలవాలి. ఆ తరువాతే మట్టి. ఈ పనులన్నీ తెలిసినవాడు ఊళ్ళో నీరడి. ప్రాజెక్టు కట్టిన ఇంజనీరు పేరు శిలాఫలకం మీద ఉంటుంది. నీరడి పేరు ఎక్కడా ఉండదు.

జీవకణంలో కూడా సరిగ్గా ఇలాంటి పనివాళ్ళున్నారు. వాటిని ఆర్.ఎన్.ఎ.ను పట్టుకునే ప్రోటీనులు అంటారు. డి.ఎన్.ఎ.లోని సమాచారం ముందుగా ఆర్.ఎన్.ఎ. అనే వార్తగా రాయబడుతుందనీ, ఆ వార్తను చదివి కణం ప్రోటీనును తయారు చేస్తుందనీ మీరు చదువుకున్నారు. ఆ వార్త గాలిలో తేలుతూ దానంతట అది పోదు. పుట్టిన క్షణం నుంచి నశించేదాకా దానిని ఏదో ఒక ప్రోటీను పట్టుకొనే ఉంటుంది. అనవసరపు ముక్కలను కత్తిరించేది ఒకటి, కేంద్రకం నుంచి బయటికి చేర్చేది ఒకటి, చదవనివ్వకుండా ఆపి ఉంచేది ఇంకొకటి, త్వరగా చెరిపేసేది మరొకటి. మనిషి కణాల్లో ఇలాంటి ప్రోటీనుల రకాలు వందల్లో ఉన్నాయి.

డి.ఎన్.ఎ. దెబ్బతిన్నప్పుడు ఇవి ఏం చేస్తాయో ఒక ఉదాహరణతో చూద్దాం.

మీరు మధ్యాహ్నపుటెండలో నాట్లు వేస్తున్నారు. చర్మకణంలో డి.ఎన్.ఎ.కు దెబ్బ తగిలింది. అప్పుడు 1979లో కనుగొన్న పి-53 అనే ప్రోటీను మేలుకుంటుంది. అది పి-21 అనే మరో ప్రోటీనుకోసం వార్త రాయిస్తుంది. పి-21 పని కణవిభజనను ఆపడం. చిరిగిన పుస్తకానికి నకలు తీస్తే నకలు కూడా చిరిగినట్టే ఉంటుంది గదా! అందుకని బాగయ్యేదాకా విభజన ఆగాలి. అంటే ఇదే తూము దించడం.

కాని ఒక చిక్కుంది. పి-21 వార్త ఆయుష్షు మామూలుగా చాలా తక్కువ. రాసిన కాసేపటికే కణం దానిని చెరిపేస్తుంది. ఇక్కడే హెచ్.యు.ఆర్. అనే ప్రోటీను వస్తుంది. అది ఆ వార్త తోకభాగాన్ని పట్టుకొని చెరిగిపోకుండా కాపాడుతుంది. అతినీలలోహిత కిరణాలు తగిలిన కణాల్లో ఇలా జరుగుతుందని అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో పనిచేసే శాస్త్రజ్ఞులు 2000 సంవత్సరంలో చూపించారు. చూశారా! వార్త రాయించడం ఎంత ముఖ్యమో, రాసిన దానిని నిలిపి ఉంచడం కూడా అంతే ముఖ్యం. తూము దించిన మనిషి దాన్ని వదిలి ఇంటికి పోతే గండి పూడదు.

ఒక్కొక్కరికి సెలవిచ్చి చూస్తే

ఇదేదో ఒకటి రెండు ప్రోటీనుల కథ అయి ఉండవచ్చు గదా అని మీరు అడగవచ్చు. మంచి సందేహమే. దానికి సమాధానంగా ఒక పెద్ద ప్రయోగం జరిగింది.

ఒక ఊళ్ళో ఎవరు ఏ పని చేస్తున్నారో మీకు తెలియదనుకోండి. ఒక్కొక్కరికి ఒక్కొక్క రోజు సెలవిచ్చి ఆ రోజు ఏ పని ఆగిపోయిందో చూస్తే తెలిసిపోతుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కార్లీన్ సింప్రిచ్ బృందం మనిషి కణాల మీద అలాంటి పనే చేసి 2009లో ఫలితాలు ప్రకటించింది. మనిషికి ఉన్న జన్యువులు సుమారు 20,000. వాటిని ఒకటి తరువాత ఒకటి నోరు మూయించి, ఏది మౌనంగా ఉంటే డి.ఎన్.ఎ. ఎక్కువగా దెబ్బతింటుందో చూశారు. మరమ్మతు ఎంజైముల జన్యువులు జాబితాలో ముందుంటాయని ఎవరైనా అనుకుంటారు. అవీ ఉన్నాయి. కాని అన్నిటికంటె పెద్ద గుంపు మరొకటి వచ్చింది. అది ఆర్.ఎన్.ఎ. వార్తలను సరిచేసే ప్రోటీనుల జన్యువులది!

ఎందుకిలా? ఒక కారణం అంతకుముందే, 2005లో, బయటపడింది. వార్త రాస్తున్నప్పుడు కొత్త ఆర్.ఎన్.ఎ. పోగు వెనక్కి తిరిగి డి.ఎన్.ఎ.కే చిక్కుకొనే ప్రమాదముంది. అలా చిక్కుపడిన చోట డి.ఎన్.ఎ. తెగుతుంది. ఆర్.ఎన్.ఎ.ను పట్టుకునే ప్రోటీనులు పుట్టిన వార్తను పుట్టినట్టే అందుకొని చిక్కు పడకుండా చూస్తాయి. అంటే ఈ నీరళ్ళు గండి పడిన తరువాత రావడమే కాదు, గండి పడకుండా గట్టు వెంట తిరుగుతూ కూడా ఉంటాయన్నమాట.

హైదరాబాదులో జరిగిన పని

ఇవన్నీ పై దేశాల ముచ్చట్లేనా? కాదు. మన హైదరాబాదు విశ్వవిద్యాలయం 1974లో ప్రారంభమయింది. అక్కడి జీవరసాయన శాస్త్రవిభాగంలో ఆచార్య కల్లూరి సుబ్బారావు చాలాకాలం మెదడు కణాల్లో డి.ఎన్.ఎ. మరమ్మతును పరిశీలించారు. మెదడునే ఎందుకు ఎంచుకోవాలి? చర్మకణం చెడిపోతే దాని స్థానంలో కొత్తది పుడుతుంది. మెదడులోని నాడీకణాలు మాత్రం దాదాపు అన్నీ పుట్టినప్పటి నుంచి చివరిదాకా మనతోనే ఉంటాయి. వాటికి మారు లేదు, మరమ్మతు ఒక్కటే దారి.

ఆయన, ఆయన సహచరులు ఎలుక మెదడు నుంచి నాడీకణాలను వేరుచేసి, వాటి సారాన్ని తీసి పరీక్షించారు. వయసు మళ్ళినకొద్దీ డి.ఎన్.ఎ.లోని ఖాళీలను పూడ్చే శక్తి తగ్గిపోతున్నట్టు తేలింది. అప్పుడు ఆ ముసలి కణాల సారానికి రెండు ఎంజైములను బయటినుంచి చేర్చారు. ఒకటి ఖాళీని నింపే పాలిమరేజ్-బీటా, రెండవది కొసలను అతికించే లైగేజ్. పోయిన శక్తి తిరిగి వచ్చింది! ఈ ఫలితం 2005లో అచ్చయింది. ఆలోచించండి, ముసలితనంలో కూడా పనివాణ్ణి పంపిస్తే పని జరుగుతుంది.

ఇక ఈ లైగేజ్‌ను తెగిన చోటికి పిలుచుకొచ్చేది ఎవరు? ఫస్ అనే ఒక ప్రోటీను ఉంది. అది ఆర్.ఎన్.ఎ.ను పట్టుకునే జాతికి చెందినదే. డి.ఎన్.ఎ. తెగితే కొన్ని సెకన్లలోనే అది అక్కడ వాలుతుంది. నాడీకణాల్లో లైగేజ్-3 అనే అతికించే ఎంజైముకు అది తోడ్పడుతుందని హ్యూస్టన్ నగరంలో పనిచేసే మురళీధర్ హెగ్డే బృందం 2018లో చూపించింది. మరుసటి ఏడు వారే టి.డి.పి.-43 అనే మరొక ఆర్.ఎన్.ఎ. ప్రోటీనుకు కూడా అలాంటి పనే ఉందని తేల్చారు. పేరు చూసి నవ్వకండి, దీనికి రాజకీయాలతో సంబంధం లేదు!

ఈ రెండు ప్రోటీనులు చెడిపోతే వచ్చే జబ్బు ఒకటుంది. అందులో కండరాలను కదిలించే నాడీకణాలు క్రమంగా నశిస్తాయి. సుప్రసిద్ధ భౌతికశాస్త్రజ్ఞుడు స్టీఫెన్ హాకింగ్‌ను 2018లో మరణించేదాకా చక్రాల కుర్చీకి కట్టిపడేసింది ఆ రకం జబ్బే. అయితే ఆ జబ్బు వచ్చిన అందరిలోనూ కారణం ఒకటే కాదు, కొందరిలో మాత్రమే ఈ ప్రోటీనుల జన్యువుల్లో లోపం కనబడుతుంది. హైదరాబాదు పనినీ హ్యూస్టన్ పనినీ కలిపి ముడివేయమని కూడా నేననడం లేదు. రెండూ వేరువేరు ప్రయోగాలు. కాని రెండూ ఒకే మాట చెబుతున్నాయి: పనివాడు ఉండాలి, సమయానికి చోటు చేరాలి.

కొన్ని అభ్యంతరాలు

"ఇవి పెద్ద తరగతుల విషయాలు, బడిపిల్లలకెందుకు?" అని కొందరు పెద్దలు అంటారు. నేను ఒప్పుకోను. ప్రోటీనుల పేర్లన్నీ బట్టీ పట్టించమని నేననడం లేదు. హెచ్.యు.ఆర్., ఫస్ అనే మాటలు పరీక్షలో అడగనక్కరలేదు. కాని "డి.ఎన్.ఎ. దెబ్బతింటుంది, కణం దాన్ని గుర్తిస్తుంది, ఆగి బాగుచేసుకుంటుంది, బాగుకాకపోతే ఆ కణం తనను తాను చంపుకుంటుంది" అన్న నాలుగు ముక్కలు పదో తరగతివారికి అర్థం కావా? కాలువ గండి అర్థమైన పిల్లలకు ఇది తప్పక అర్థమవుతుంది. సగం చెప్పి వదిలేసిన పాఠం ఊరుకోదు, భయమై కూర్చుంటుంది. ఆ అమ్మాయికి జరిగింది అదే.

రెండవ అభ్యంతరం మీలోనే ఎవరైనా చెప్పవచ్చు. "కణం అంత బాగా మరమ్మతు చేసుకుంటే ఇంక బీడీ తాగితే ఏం, గుట్కా నమిలితే ఏం?" ఒక రాత్రి ఒక గండి పడితే ఊరంతా కలిసి పూడుస్తుంది. రోజూ నూరు చోట్ల గట్టు తెంపితే ఏ నీరడి మాత్రం ఏం చేయగలడు? పైగా మరమ్మతులో కొన్ని పొరపాట్లు మిగిలిపోతుంటాయి. దెబ్బలు పెరిగినకొద్దీ మిగిలే పొరపాట్లూ పెరుగుతాయి. అవి పి-53 వంటి కాపలాదారు జన్యువులోనే పడితే కణం అదుపు తప్పుతుంది. కాన్సర్‌కు దారి అదే.

మూడవది, ఈ ప్రోటీనులు ఎప్పుడూ మనకు మేలే చేస్తాయని కూడా అనుకోవద్దు. చాలా రకాల కాన్సర్ గడ్డల్లో హెచ్.యు.ఆర్. మామూలుకంటె ఎక్కువగా కనబడుతుంది. కాన్సర్‌కు ఇచ్చే మందుల్లో చాలా భాగం ఆ కణాల డి.ఎన్.ఎ.ను దెబ్బతీసే మందులే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో తన బృందంతో తయారుచేయించిన ఎమినోప్టెరిన్ మందు కూడా కణానికి థైమీన్ అక్షరం దొరకకుండా చేసి డి.ఎన్.ఎ. తయారీని ఆపుతుంది. దానితో రక్తకాన్సర్ పిల్లలకు కొంతకాలం ఉపశమనం కలిగిందని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించాడు. అలాంటి మందుల దెబ్బకు కాన్సర్ కణం కూడా తన నీరళ్ళనే పిలుచుకుంటుంది! వాటిని ఆపే ఉపాయం కోసం ఈనాడు ఎందరో పరిశోధన చేస్తున్నారు. నీరడి ఎవరి పొలానికి నీళ్ళు పెడుతున్నాడో కూడా చూడాలి గదా.

ఆ అమ్మాయికి జవాబు

ఇప్పుడు మహమ్మద్‌నగర్ ప్రశ్నకు వస్తాను.

అమ్మా, కాన్సర్లలో తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యులోపం వల్ల కలిగేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే. అలా వచ్చినప్పుడు కూడా వారసత్వంగా వచ్చేది కాన్సర్ కాదు. చాలాసార్లు వచ్చేది బలహీనమైన ఒక మరమ్మతు పనివాడు. 1994లో కనుగొన్న బి.ఆర్.సి.ఎ.-1 జన్యువు కథ అదే. అది చెడి ఉంటే ప్రమాదం పెరుగుతుంది, పరీక్షలు తరచుగా చేయించుకోవాలి. అంతేగాని అది తీర్పు కాదు.

మన దేశంలో నోటి కాన్సర్‌కు అన్నిటికంటె పెద్ద కారణం పొగాకు. మీ తాత బీడీ తాగేవాడా, పొగాకు నమిలేవాడా? ఇంట్లో అడుగు. అలవాటుంటే ఆ దెబ్బలు ఆయన నోటి కణాల్లో తగిలినవి. అవి నీకు వారసత్వంగా రావు. నీకు రాగలిగింది ఆ అలవాటు ఒక్కటే, దాన్ని కాదనే స్వేచ్ఛ నీకుంది.

ఇంకొక మాట. నిజామాబాదు, కామారెడ్డి ప్రాంతాల్లో ఎందరో తల్లులు బీడీలు చుట్టి పిల్లలను చదివిస్తున్నారు. వారిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కాని బీడీ పొగాకుతో పనిచేసేవారి రక్తకణాల్లో క్రోమోజోముల దెబ్బలు ఎక్కువగా ఉన్నట్టు 1995లో బొంబాయి శాస్త్రజ్ఞులు ప్రకటించారు. పొగ తాగకపోయినా ముట్టుకున్న చేతికీ, పీల్చిన ముక్కుకూ దుమ్ము చేరుతుంది. అందుచేత ఆ పని గాలి ఆడేచోట చేయడం, ముక్కుకు గుడ్డ కట్టుకోవడం, అన్నం ముందు చేతులు సబ్బుతో కడుక్కోవడం, పసిపిల్లలను చేటకు దూరంగా ఉంచడం మంచివి. ఆ తల్లులకు మరో మంచి పని దొరికేట్టు చూడడం మాత్రం పిల్లల బాధ్యత కాదు, పెద్దలందరి బాధ్యత.

విద్యార్థులారా! మీ నోటుపుస్తకంలో ఒక బొమ్మ ఉండి ఉంటుంది. డి.ఎన్.ఎ. నుంచి ఆర్.ఎన్.ఎ.కు ఒక బాణం, ఆర్.ఎన్.ఎ. నుంచి ప్రోటీనుకు ఒక బాణం. ఫ్రాన్సిస్ క్రిక్ 1958లో రాసిన సూత్రం నుంచి పుట్టిన బొమ్మ అది. అది తప్పు కాదు. కాని దానిని చూస్తే మాట ఒకవైపే నడుస్తుందనిపిస్తుంది, పైవాడు చెప్పడం, కిందివాడు చేయడం అన్నట్టు. ఈరోజు దానికి ఇంకొక బాణం గీయండి. ప్రోటీను దగ్గర మొదలుపెట్టి, ఆర్.ఎన్.ఎ.ను తాకుతూ వెనక్కి తిప్పి, డి.ఎన్.ఎ. దగ్గర ముగించండి. దానిమీద "మరమ్మతు" అని రాయండి. అదేమిటని మీ మాస్టారు అడిగితే, గండి పడిన కాలువ కథ చెప్పండి.